సొంత మాట పథకం

"ఒకరి మాటను ఇంకొకరు గుండెల మీద వేసుకుని తిరిగే చీకటి రోజులు నిన్నటితో ముగిశాయి" అని చిన్న పరిశ్రమల శాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను సభామందిరంలో సరిగ్గా ఫ్యాను కింద కూర్చుని ఉన్నాను. పత్రికలో నాది చిన్న ఉద్యోగం. మంత్రుల సభల్లో నాకు ఫ్యాను కింద కుర్చీ దొరకడమే అరుదు. కాబట్టి మిగతా ప్రజానీకం సంగతి ఎలా ఉన్నా, నా మట్టుకు నాకు ఆ రోజు చరిత్రాత్మకమే.

పథకం పేరు 'సొంత మాట'. ఆన్‌లైన్‌లో టీషర్టులు అమ్ముకునేవాళ్లు రోజురోజుకీ పెరిగిపోతున్నారు. ఎవరికి తోచిన మాట వాళ్లు అచ్చేసి అమ్మేస్తున్నారు. ఆ మాటను అప్పటికే ఇంకెవరో ట్రేడ్‌మార్క్ చేయించుకుని ఉంటే వాళ్ల గతేం కావాలి? అందుకని ఇకమీదట ప్రతి ఒక్కరూ ముందు రిజిస్ట్రీలో వెతికి, ఆ మాటకి వేరే సొంతదారు లేడని తేల్చుకున్నాకే అమ్మాలి. వెతక్కుండా అమ్మితే జరిమానా, మళ్లీ అమ్మితే జైలు. మంత్రిగారు ఈ విషయాలన్నీ కాగితంలో తల దూర్చి అనర్గళంగా చదివారు. ప్రసంగం అద్భుతంగా ఉంది, ఎవరు రాశారని పక్క పత్రికాయన నన్ను అడిగాడు. ఆయన ఆంతరంగిక కార్యదర్శి పీయస్ గారు రాశారని చెప్పాను.

పీయస్ గారి గురించి పాఠకులు కొంచెం తెలుసుకోవాలి. మంత్రిగారు మొన్నమొన్నటిదాకా పశుసంవర్ధక శాఖ చూసేవారు. శాఖ మారినా ఆయన మనుషుల్ని మార్చుకోలేదు. అదే పీయస్, అదే డ్రైవరు, అవే కుర్చీలు, అవే కంప్యూటర్లు, గోడకున్న గడియారంతో సహా లారీ ఎక్కి కొత్త పేషీకి వచ్చేశాయి. పాత శాఖలో ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లు నేల మీద కూర్చుంటున్నారని వినికిడి. ఇంత విశ్వాసం ఉన్న నాయకుడు ఈ రోజుల్లో దొరకడు.

ఇంటికొచ్చి ఈ శుభవార్త మా వదినకి చెప్పాను. వదినది టీషర్టుల వ్యాపారమే. మా ఇంటి ముందుగది ఆమె కార్ఖానా. ఒక మూల బొమ్మలు అచ్చొత్తే హీట్ ప్రెస్, గోడవారగా సైజుల వారీగా సాదా టీషర్టుల దొంతరలు, కిటికీ కింద కంప్యూటరు, సోఫా ఉండాల్సిన చోట కొరియర్ కవర్లు. చుట్టాలొస్తే వంటింట్లో కూర్చుంటారు. మా అన్నయ్య పనిచేసే కంపెనీ మూతపడ్డాక ఇల్లు నడుస్తున్నది ఈ గది మీదే. నేనూ ఇంట్లో ఇంతో అంతో ఇస్తాను గానీ, పత్రిక జీతం గురించి పత్రికలో రాసుకోవడం బాగుండదు.

వదినకో అలవాటుంది. కొత్త డిజైన్ తయారైన రోజు దాన్ని అమ్మకానికి పెట్టదు. టీ గ్లాసు పక్కన పెట్టుకుని రిజిస్ట్రీ సైటు తెరుస్తుంది. ట్రేడ్‌మార్కుల్లో సరుకుకో తరగతి ఉంటుంది. సబ్బులదొకటి, తాళాలదొకటి, బట్టలది ఇరవై ఐదోది. ఒకే మాట సబ్బు మీద ఒకరిదీ తాళం మీద ఇంకొకరిదీ కావచ్చు, తగువేమీ లేదు. వదిన బట్టల తరగతిలో ఆ మాటను ముందు ఉన్నదున్నట్టుగా వెతుకుతుంది. తర్వాత తప్పుగా రాసి వెతుకుతుంది. తర్వాత దానికి దగ్గరగా ఉండే మాటలు వెతుకుతుంది. ఆ పైన ఆన్‌లైన్ దుకాణాల్లో ఇంకెవరైనా అమ్ముతున్నారేమో చూస్తుంది. ఏ కాస్త అనుమానం తగిలినా అన్నాళ్ల పనినీ పక్కన పడేస్తుంది. అలా పడేసిన వాటిలో నాకు ప్రాణం పెట్టాలనిపించినవి కూడా ఉన్నాయి. బతిమాలితే, ఒకరి నోట్లో మాట లాక్కుని బతికే ఖర్మ మనకేంటి అంటుంది.

మంత్రిగారు ఇప్పుడు దీన్నే చట్టం చేశారని నేను చెబితే ఆమె హీట్ ప్రెస్ మూత పైకెత్తుతూ ఒక్క మాటే అంది.

"మంచిదే మరిదీ. ముందు ఆయన చూసుకుంటే చాలు."

ఆవిడ దుకాణంలో అన్నిటికంటే ఎక్కువగా పోయేది 'మాటలు చాలు, పని మొదలెట్టు' అనే టీషర్టు. అది కవిత్వమేమీ కాదు. ఉద్యోగం పోయిన కొత్తలో అన్నయ్య పొద్దున్నే పేపరు ముందేసుకుని దేశం ఎటుపోతోందో వివరించేవాడు. వదిన ఆయన చేతికి టీషర్టుల దొంతర అందిస్తూ ఈ మాట అనేది. ఒకరోజు అన్నయ్యే నవ్వి దీన్ని అచ్చేస్తే పోతుందన్నాడు. వదిన తన పద్ధతిలో వెతికింది, ఎక్కడా లేదు, అచ్చేసింది. అది ఊరంతా పాకింది. జిమ్ముల్లో, బస్సుల్లో, కాలేజీల్లో ఎక్కడ చూసినా మా అన్నయ్య తిన్న తిట్టు కనిపించేది.

మంత్రిగారికీ కనిపించింది. పథకం ప్రచారానికి ఒక కాలేజీకి వెళ్లినప్పుడు ముందు వరుసలో సగం మంది ఆ టీషర్టే వేసుకున్నారు. వేదిక మీద ఆయన వెనక నిలబడ్డ నాకు ఈ సంభాషణ స్పష్టంగా వినిపించింది.

"ఆ మాట బాగుందయ్యా. ఎవరిది?"

"మీదే సార్" అన్నారు పీయస్ గారు.

"నేనెప్పుడన్నాను?"

"ఇప్పుడంటారు సార్."

మంత్రిగారు మైకు దగ్గరికి వెళ్లి అన్నారు. హాలు దద్దరిల్లింది. ముందు వరుస పిల్లలు తమ ఛాతీల వంక చూసుకుని, మంత్రిగారికి దూరం నుంచి కూడా అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయని మెచ్చుకున్నారు. ఆ సాయంత్రమే అది పార్టీ నినాదమైంది. నెలాఖరు ఆదివారం జరిగే భారీ ర్యాలీలో కార్యకర్తలందరూ ఆ నినాదం, దాని కింద మంత్రిగారి బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకోవాలని నిర్ణయమైంది.

ఇంకొకరైతే ఇక్కడ తొందరపడి అచ్చేసేవాళ్లు. మంత్రిగారు చట్టానికి తల వంచే మనిషి. నా పథకానికి నేనే మొదటి లబ్ధిదారుణ్ణి అని ప్రకటించి, ఆ మాట మీద ఎవరికైనా హక్కుందేమో వెతకమని ముగ్గురు అధికారులతో కమిటీ వేశారు. కమిటీ కిందామీదా పడి వెతికింది. ఈ మాట ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ రిజిస్టరు చేయించలేదని నివేదిక ఇచ్చింది. వెంటనే మంత్రిగారి పేరు మీద దరఖాస్తు వెళ్లింది. మామూలు వాళ్లకి ఏళ్లు పట్టే రిజిస్ట్రేషన్ ఆయనకి ఇట్టే వచ్చేసింది. మాటలో ఉన్న పనితనమే అందుకు కారణమని పత్రికా ప్రకటనలో రాశారు, మేము వేశాం.

మర్నాడు పొద్దున మా వదిన దుకాణం మూతపడింది.

తాళం వేయడానికి అక్కడ తలుపేమీ లేదు. కంప్యూటరు తెరిస్తే దుకాణం ఉండాల్సిన చోట నాలుగు ముక్కలున్నాయి. ట్రేడ్‌మార్క్ యజమాని మీ మీద ఫిర్యాదు చేశారు, మీ దుకాణం నిలిపివేశాం, యజమాని దగ్గర్నుంచి అభ్యంతరం లేదని ఉత్తరం తెస్తే తప్ప తెరవలేం. ఒక్క టీషర్టు కాదు, మొత్తం దుకాణం. పక్షుల బొమ్మలు, పిల్లల పేర్లు అచ్చేసినవి, అన్నీ పోయాయి. వదిన తన దుకాణం నడిచే అమ్మకాల సైటు వాళ్లకి ఫోను చేసింది. ఫోనులో ఒక యంత్రం ఆమెను ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, తర్వాత ధన్యవాదాలు చెప్పింది.

ఆవిడ ఏడవలేదు. హీట్ ప్రెస్ ప్లగ్గు పీకి, తీగ చుట్టి పెట్టింది. పొద్దున్నించీ సాయంత్రం దాకా బుసబుసలాడే ఆ గదిలో అన్నయ్య దగ్గు తప్ప ఏమీ వినపడలేదు. ఆ రిజిస్ట్రేషన్ తాలూకు పత్రికా ప్రకటనకి శీర్షిక పెట్టింది నేనే.

వదినకి ఒక్క సంగతి మాత్రం మింగుడుపడలేదు. మళ్లీ వెతికినా బట్టల తరగతిలో ఆ మాట లేదు. లేని రిజిస్ట్రేషన్ మీద ఫిర్యాదు ఎలా చేశారు? నా విలేకరి కార్డు పట్టుకుని ఇద్దరం పేషీకి వెళ్లాం. మంత్రిగారు చాలా ఆదరంగా కూర్చోమన్నారు. ఎవరి కడుపూ కొట్టే ఉద్దేశం తనకి లేదనీ, అయితే ఒకరి సొంత మాటను ఇంకొకరు అమ్ముకోవడం తప్పు కదమ్మా అనీ నచ్చచెప్పారు. వదిన పళ్లు బిగించి విన్నది. తర్వాత, రిజిస్ట్రేషన్ ఒక్కసారి కళ్లతో చూసి వెళ్లిపోతానంది.

"చూపించవయ్యా, దాచుకునేదేముంది" అన్నారు మంత్రిగారు.

పక్కనే కూర్చున్న శాఖ న్యాయ సలహాదారు లేచి గోడ మీదున్న పెద్ద తెర వెలిగించారు. నినాదం వచ్చింది. యజమాని పేరు వచ్చింది. సరుకు వివరం అన్న చోట 'ముప్పై ఒకటో తరగతి: పశువుల దాణా, తవుడు, ఎండుగడ్డి' అని వచ్చింది.

అందరూ పీయస్ గారి వంక చూశారు. ఆయన ఏమాత్రం తొణకలేదు. ఈ పేషీలో ఏ కాగితమూ కొత్తగా రాయరని, పాతది తీసి పేరు మాత్రం మారుస్తారని, అలా చేస్తేనే పై నుంచి కొర్రీలు రావని వివరించారు. పశుసంవర్ధక శాఖలో ఉండగా ప్రభుత్వ దాణాకి ట్రేడ్‌మార్క్ తీసుకున్నారట. ఆ దరఖాస్తు తీసి, దాణా పేరు కొట్టేసి, నినాదం రాశారు. కమిటీ కూడా దరఖాస్తులో ఉన్న తరగతిలోనే వెతికింది. దాణా అమ్మేవాళ్లెవరూ ఇంతవరకూ పశువుకి పని మొదలెట్టమని చెప్పలేదు కాబట్టి హక్కు వెంటనే వచ్చేసింది.

"అయితే మార్చి బట్టల్లో పడేయండి" అన్నారు మంత్రిగారు.

అది అంత తేలిక కాదని సలహాదారు గొంతు తగ్గించి చెప్పారు. బట్టలకి మళ్లీ మొదట్నించీ దరఖాస్తు పెట్టాలి. బట్టల మీద ఈ మాట ముందు నుంచీ వాడుతున్నది ఎదురుగా కూర్చున్న ఈవిడే. పైగా ర్యాలీ టీషర్టులు అచ్చయిపోయి గోడౌన్లో ఉన్నాయి. వాటిని సభ్యత్వ రుసుము తీసుకుని ఇస్తున్నారు కాబట్టి అది అమ్మకమే. బట్టల తరగతిలో వెతక్కుండా బట్టలు అమ్మితే కొత్త చట్టం కింద మొదటి కేసు చట్టం తెచ్చినాయన మీదే పడుతుంది.

మంత్రిగారి మొహంలో రంగులు మారాయి. అప్పుడు పీయస్ గారు తన సర్వీసు మొత్తానికీ కిరీటం లాంటి ప్రశ్న వేశారు.

"సార్, గోడౌన్లో ఉన్నవి బట్టలని మనం ఎక్కడైనా రాతపూర్వకంగా ఒప్పుకున్నామా?"

"లేదు."

"అయితే అవి దాణా."

మంత్రిగారు లేచి ఆయన భుజం తట్టారు. పాలనాదక్షత అంటే ఏమిటో ఆ క్షణంలో నాకు అర్థమైంది. వదిన మాత్రం, మరి నా దుకాణం మాటేమిటండీ అని అడిగింది. దాణా సంగతి తేలాక చూద్దాం లేమ్మా అని మంత్రిగారు అభయమిచ్చారు.

దాణా అని చెబితే సరిపోదు, ఏదైనా పశువు తిన్నట్టు ధ్రువపత్రం కావాలి. పాత శాఖ పరిచయాలు ఇక్కడ అక్కరకొచ్చాయి. మర్నాడు ప్రభుత్వ పశువుల ఫారంలో ఒక గేదెను కడిగి, తుడిచి, కుర్చీలు వేశారు. పత్రికల వాళ్లని పిలిచారు. ఎవరి ఆరోగ్యం గురించో గానీ పశువైద్యుడు ఒక్కడే వెనకాడాడు.

"ఇది తిన్నాక ఏమైనా అయితే సార్?"

"నిన్ను బదిలీ చేస్తాం" అన్నారు పీయస్ గారు.

"గేదెకి ఏమైనా అయితే అంటున్నాను సార్."

"గేదెను కూడా."

గేదె టీషర్టును వాసన చూసి మొహం తిప్పుకుంది. తవుడు నీళ్లలో ముంచి పెట్టారు. అప్పుడు కుడి చెయ్యి మొత్తం, మెడ పట్టీ కొంత, 'మాటలు చాలు' అన్నంతవరకూ నమిలింది. మంత్రిగారి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆగి, ఎంతో గౌరవంగా నోట్లోంచి వదిలేసింది. జంతువుకి ఉన్న సంస్కారం కొందరు ప్రతిపక్షం వాళ్లకి లేదని మంత్రిగారు అక్కడికక్కడే అన్నారు. వైద్యుడు రాసిచ్చిన ధ్రువపత్రంలో 'ఒక చెయ్యి మేరకు ఆహారయోగ్యం' అని ఉంది. ఆ పత్రం మీద సంతకం పెట్టేటప్పుడు ఆయన ఎవరి కళ్లలోకీ చూడలేదు.

ఇక మిగిలింది చిన్న చిక్కు. దాణా చట్టం మంత్రిగారు స్వయంగా పశుసంవర్ధక శాఖలో ఉండగా తెచ్చిందే. దాని ప్రకారం ప్రతి దాణా సంచి మీదా లోపలి సరుకు ఏమిటో, ఎవరికోసమో స్పష్టంగా అచ్చు వేయాలి. ఇక్కడ సంచి లేదు కాబట్టి మెడ వెనక లేబుల్ కుట్టమన్నారు. గోడౌన్లో దర్జీలు రెండు రోజులు కూర్చుని ఒక్కో టీషర్టు మెడకీ తెల్లటి లేబుల్ కుట్టారు. 'పశువుల దాణా. పశువులకు మాత్రమే.' లోపల కుడితే కనపడదని అధికారులు అభ్యంతరం చెప్పడంతో బయటికి కుట్టారు.

అవి కుట్టడం పూర్తయిందని తెలిశాక వదిన మళ్లీ పేషీకి వెళ్దామంది. ఈసారి ఆమె బతిమాలలేదు. తన టీషర్టొకటి పీయస్ గారి బల్ల మీద పరిచింది.

"ఇది బట్టా, దాణా? మీరు ఏదంటే అది రాసివ్వండి. నేను వెళ్లిపోతాను."

పీయస్ గారు తెలివైనవారు కాబట్టి ప్రశ్నలోని గొయ్యి ముందే చూశారు. దాణా అంటే వదిన దుకాణం మీద ఫిర్యాదు నిలుస్తుంది, కానీ జనం నవ్వుతారు. బట్ట అంటే ఫిర్యాదు ఎగిరిపోతుంది, కానీ అచ్చం అలాంటి టీషర్టే దాణాగా గోడౌన్లో ఉంది. ఆయన పెన్ను మూత తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు. మంత్రిగారి గదిలోకి వెళ్లొచ్చారు. చివరికి రాసిచ్చారు. 'సదరు మహిళ అమ్ముతున్నవి కేవలం బట్టలు. వాటికీ మంత్రిగారి దాణాకీ ఏ విధమైన పోలికా లేదని ధ్రువీకరిస్తున్నాం.' వదిన దాన్ని అక్కడే నిలబడి చదువుకుంది, సైటు వాళ్లకి ఫొటో తీసి పంపింది, మెట్లు దిగింది.

ఆదివారం ర్యాలీ జయప్రదంగా జరిగింది. లారీల్లో దాణా వచ్చింది. కార్యకర్తలు తోసుకుంటూ, ఒకరి మీద ఒకరు పడుతూ తీసుకున్నారు. సభ్యత్వ రుసుము కట్టిన రసీదు చూపిస్తేనే ఇస్తున్నారు. నా పక్కనే నిలబడ్డ ఒక పెద్దమనిషి లేబుల్ని వెలుతురులో పెట్టి రెండు సార్లు చదివాడు. ఏదో ఒకటి అంటాడని నేను పెన్ను తీశాను. ఆయన పంచేవాడి దగ్గరికి వెళ్లి, ఇంతకంటే ఒక సైజు పెద్దది లేదా అని అడిగాడు.

మంత్రిగారు కూడా తెల్ల చొక్కా పైన అదే తొడుక్కుని వేదికెక్కారు. ఎండలో మెడ వెనక లేబుల్ తళతళలాడింది. ఆయన వంగి దండలు వేయించుకున్నప్పుడల్లా ఫొటోగ్రాఫర్లు వెనక వైపుకి పరిగెత్తారు. ఆయన మాటలు చాలని గంటసేపు చెప్పారు. మైదానం నిండా వేల మెడలు, వేల లేబుళ్లు. ఎవరి ముందున్నవాడి లేబుల్ వాళ్లు చదువుకుంటూ చప్పట్లు కొట్టారు. ఎవరి లేబుల్ వాళ్లకి కనపడదు కదా. ఇంత క్రమశిక్షణ ఉన్న సభ నా ఉద్యోగ జీవితంలో చూడలేదని మర్నాటి పత్రికలో రాశాను. మా ఎడిటర్ గారు ఒక్క అక్షరం కూడా కొట్టేయలేదు.

సోమవారం మధ్యాహ్నం సైటు వాళ్లు వదిన దుకాణం తెరిచారు. అన్నయ్య పరుగున వచ్చి ప్లగ్గు పెట్టాడు. హీట్ ప్రెస్ మళ్లీ బుసకొట్టింది. వదిన కుర్చీ లాక్కుని కంప్యూటరు ముందు కూర్చుంది, ఇంతకాలం మూసి ఉన్న దుకాణానికి ఇంకెవరొస్తారులే అంటూనే తెర వంక చూస్తోంది. టీ చల్లారిపోయింది. అప్పుడు టింగుమని మొదటి ఆర్డరు పడింది.

'మాటలు చాలు, పని మొదలెట్టు' అచ్చువేసిన టీషర్టులు, అరడజను, అన్నిటికంటే పెద్ద సైజు. డబ్బు ముందే కట్టేశారు. పంపాల్సిన చిరునామా మంత్రిగారి బంగళా, ఆర్డరు పెట్టింది మంత్రిగారి భార్య. అడుగున, కొనేవాళ్లు ఏమైనా చెప్పదలిస్తే రాసే గడిలో ఆవిడ ఇలా రాశారు.

'మా వారికోసం. మెడ దగ్గర లేబుల్ లేనివి పంపగలరు.'